కారు డ్రైవింగ్ టెస్టు: హెచ్ ట్రాక్ మీద అసలు ఏం చూస్తారు?

దేవరకొండ రోడ్డు టీచర్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ఉంటూ దేవరకొండ రోడ్డు మీదున్న ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో పని చేస్తున్నాను. పొద్దున ఆ వైపు వెళ్లే బస్సు బడి గంటకు అందదు. కిక్కిరిసిన ఆటోలో అంచున కూర్చుని వెళ్లడం ఇక నా వల్ల కావడం లేదు కనుక, ఇంట్లో ఉన్న కారు నేర్చుకుని నేనే నడుపుకుంటూ వెళ్లాలని నిశ్చయించుకున్నాను. ఎల్.ఎల్.ఆర్. (నేర్చుకునేవారికి ఇచ్చే తాత్కాలిక లైసెన్సు) వచ్చి నెల దాటింది, డ్రైవింగ్ స్కూల్లో శిక్షణ పూర్తయింది, వచ్చే వారానికి టెస్టు స్లాట్ కూడా దొరికింది.

ముందుకు నడపడంలో నాకు భయం లేదు. సాయంత్రం పూట మా వారిని పక్కన కూర్చోబెట్టుకుని పానగల్లు వైపు ఖాళీ రోడ్డు మీద గేర్లు మార్చడం, మలుపులు తిరగడం బాగానే అలవాటు చేసుకున్నాను. భయమంతా హెచ్ ట్రాక్‌లో, అంటే ఇంగ్లీషు హెచ్ అక్షరం ఆకారంలో గీతలు గీసి, పక్కన కమ్మీలు పాతిన టెస్టు దారిలో, రివర్స్ గురించే. దాని మీద ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. ఫలానా కమ్మీ కనిపించగానే స్టీరింగ్ పూర్తిగా తిప్పమని ఒకరు, తల వెనక్కి తిప్పితే అక్కడికక్కడే ఫెయిల్ చేస్తారని మరొకరు, ఒక్కసారి బండి బంద్ పడితే ఇక దిగి రావాల్సిందేనని ఇంకొకరు అంటున్నారు. తన ద్వారా వెళ్లకపోతే ఆడవాళ్లు పాసవడం కష్టమని ఒక ఏజెంటు మా వారితో చెప్పాడట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు పట్టుదల పెరిగింది కాని, మనసులో కొంత బెదురు కూడా మిగిలింది.

టెస్టులో అధికారులు నిజంగా ఏం చూస్తారో, హెచ్ ట్రాక్‌కు ఎలా సిద్ధపడాలో, డ్రైవింగ్ స్కూలు కారులో వెళ్లడం మేలో మా సొంత కారులో వెళ్లడం మేలో, అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

పాలమూరు డ్రైవింగ్ మాస్టర్ సమాధానం:

మేడం గారూ, నమస్కారం. నేను చాలా ఏళ్లుగా మహబూబ్‌నగర్‌లో కారు నేర్పిస్తున్నాను. మీ ప్రశ్నలో ముఖ్యమైన భాగానికి సమాధానం చట్టంలోనే రాసి ఉంది కాని దాన్ని చదివేవారు తక్కువ. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వ నిబంధన డ్రైవింగ్ టెస్టు గురించినది. అభ్యర్థి ఏమేం చేసి చూపించాలో అందులో వరుసగా ఉంటుంది. ఆ జాబితాలో మొట్టమొదటి అంశం వెనుక చూపే అద్దాన్ని సరిచేసుకోవడం. ఆ తరువాత ఇంజన్ స్టార్ట్ చేసే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు, కుదుపు లేకుండా బయలుదేరడం, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా మళ్లీ కదలడం, ఇరుకు చోటులోకి అదుపు తప్పకుండా రివర్స్ చేయడం, బండిని వెనుకా ముందూ నడిపి ఎదురు దిక్కుకు తిప్పడం వంటివన్నీ వస్తాయి. హెచ్ ట్రాక్ అనేది ఈ జాబితాలోని రివర్స్ అంశాన్ని నేల మీద గీతలుగా గీసి పెట్టిన రూపమే తప్ప అదొక మంత్రం కాదు. అక్కడ చూసేది రెండే విషయాలు. నెమ్మదిగా కదిలే బండి మీ అదుపులో ఉందా లేదా, మీరు చూడాల్సిన చోట చూస్తున్నారా లేదా.

కమ్మీలను గుర్తు పెట్టుకుని స్టీరింగ్ తిప్పే పద్ధతి నేను నేర్పను, మీకూ వద్దని చెబుతాను. సీటు ఒక మెట్టు ముందుకు జరిపినా, కారు మారినా, మీ కన్ను ఉండే ఎత్తు మారిపోతుంది. నేర్చుకున్నప్పుడు వెనుక అద్దంలో కనిపించిన కమ్మీ టెస్టు రోజున తలుపు స్తంభం చాటుకు పోతుంది. గుర్తు కనిపించక మనిషి కంగారు పడిపోయి క్లచ్ వదిలేస్తాడు. నేను చూసిన ఫెయిళ్లలో ఎక్కువ భాగం ఇలా జరిగినవే.

దానికి బదులు బండి ఎలా తిరుగుతుందో తెలుసుకోండి. రివర్స్‌లో స్టీరింగ్ కుడికి తిప్పితే బండి వెనుక భాగం కుడికి పోతుంది, ఇది అందరికీ తెలుసు. అదే సమయంలో బండి మూతి ఎడమకు బయటికి విసురుకుంటుందన్న సంగతి కొత్తవారు మరిచిపోతారు. హెచ్ ఒక కాలులో నుంచి మధ్య అడ్డదారిలోకి రివర్స్ చేస్తూ తిరిగేటప్పుడు అందరి చూపూ వెనుక కమ్మీల మీదే ఉంటుంది. అక్కడ ఏమీ తగలదు. ముందు బంపరు మూల పోయి పక్క కమ్మీకి తగులుతుంది. అందుకే నేను ఒకటే అలవాటు చేయిస్తాను. తిరగబోయే వైపు అద్దంలో వెనుక చక్రాన్నీ గీతనూ చూడాలి, మధ్యలో ఒకసారి రెండో వైపు ముందు మూలను చూడాలి, మళ్లీ అద్దానికి రావాలి. పక్క అద్దాలను మామూలు కంటే కొంచెం కిందికి వంచుకుంటే వెనుక చక్రం నేలను తాకే చోటు కనిపిస్తుంది. ఖాళీ స్థలంలో నాలుగు ఇటుకలు పెట్టుకుని ఈ చూపుల వరుసను సాధన చేయండి.

వేగం గురించి ఒక మాట. రివర్స్ అంతా హాఫ్ క్లచ్ మీదే జరగాలి, యాక్సిలరేటర్ అవసరం దాదాపు ఉండదు. సమతలంగా ఉన్న నేల మీద క్లచ్‌ను కొద్దిగా వదిలితే పెట్రోలు కారు కూడా దానంతట అదే పాకుతుంది. ఎడమ పాదం మడమ నేలకు ఆనించి, వేళ్ల కదలికతోనే క్లచ్‌ను పట్టుకోవడం వచ్చిందంటే హెచ్ ట్రాక్ సగం వచ్చినట్టే. స్టీరింగ్ తిప్పేది బండి కదులుతున్నప్పుడే తిప్పండి. కాని కదలిక ఎంత నెమ్మదిగా ఉండాలంటే, పూర్తి కటింగ్ వేసే (స్టీరింగ్ చివరి దాకా తిప్పే) లోపల బండి రెండు మూడు జానెల కంటే ఎక్కువ జరగకూడదు.

తల వెనక్కి తిప్పకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. తల తిప్పి చూడకుండా రివర్స్ చేసేవారిని నేను రోడ్డు మీదికి పంపను. అయితే తలుపు తెరిచి కిందికి వంగి చూడడం వేరే సంగతి, అది చేయకండి. బండి ఒక్కసారి బంద్ పడితే ఫెయిల్ అన్న వాక్యం కూడా నిబంధనల్లో లేదు. బంద్ పడిన తరువాత మీరు ఏం చేస్తారన్నదే మీ పట్టును చూపిస్తుంది. బ్రేకు తొక్కి, క్లచ్ పూర్తిగా నొక్కి, గేరు న్యూట్రల్‌కు తెచ్చి, తాళం తిప్పి, అద్దం చూసి కదలండి. గేరులోనే తాళం తిప్పి బండిని ఎగిరించేవారి విషయంలో టెస్టు పెట్టే ఏ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అయినా పెన్ను తీస్తారు.

ఇంకొకటి. లైసెన్సు శిక్షణలో చేతిలో స్టీరింగ్ ఉన్న సమయం 10 గంటలకు తగ్గకూడదని అవే నిబంధనలు చెబుతున్నాయి. రోజుకు అరగంట చొప్పున బండెక్కించి, అందులో సగం సేపు మాస్టరే పెడళ్లు తొక్కే చోట మీరు నేర్చుకుని ఉంటే, స్లాట్ వారం వెనక్కి జరుపుకున్నా నష్టం లేదు. ఇది నా వృత్తిలోని వారికి నచ్చకపోవచ్చు కాని నిజం.

మిర్యాలగూడ నివాసి సమాధానం:

టీచర్ గారూ, నేను రైస్ మిల్లులో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తాను. కిందటేడాది ఏ ఏజెంటు సాయమూ లేకుండా సొంతంగా వెళ్లి లైసెన్సు తెచ్చుకున్నాను. మాస్టర్ గారు నడపడం గురించి చెప్పారు కనుక నేను ఆ రోజు సంగతి చెబుతాను.

సొంత కారుకే నా ఓటు. రేపు మీరు బడికి నడపబోయేది ఆ కారే, దాని క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో మీ పాదానికి తెలుసు. అయితే సొంత కారులో వెళ్లేవారు కాగితాల విషయంలో గట్టిగా ఉండాలి. ఎల్.ఎల్.ఆర్. అసలు ప్రతి, స్లాట్ రసీదు, బండి ఆర్.సి., గడువు ఉన్న ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ ఒకే కవరులో పెట్టుకోండి. ఇన్సూరెన్సు గడువు అందరూ చూసుకుంటారు, పొల్యూషన్ గడువు ఎవరూ చూసుకోరు. నా కళ్ల ముందే ఒకాయన ఆ ఒక్క కాగితం కోసం బయటికి పరుగెత్తి, తిరిగి వచ్చేసరికి వరుస దాటిపోయింది. కారు ముందూ వెనుకా ఎర్ర రంగు ఎల్ అక్షరం అంటించి ఉండాలి. ట్రాక్ దాకా కారును మీరే నడుపుకుంటూ వెళ్తే లైసెన్సు ఉన్నవారు పక్కన తప్పకుండా ఉండాలి.

నా ముందు ఒక అబ్బాయి వెళ్లాడు. చాలా కాలంగా నడుపుతున్నవాడని అతను కూర్చున్న తీరులోనే తెలుస్తోంది. బెల్టు పెట్టుకోకుండానే ఎక్కాడు, ఒంటి చేత్తో స్టీరింగ్ గిరగిరా తిప్పాడు, ఏ కమ్మీనీ తాకకుండా బయటికి వచ్చాడు. ఇన్‌స్పెక్టర్ గారు అతన్ని పక్కకు పిలిచి, అద్దం ఒక్కసారైనా చూశావా అని అడిగి, మరోసారి రమ్మన్నారు. తరువాత నా వంతు. నేను సీటు జరుపుకుని, మూడు అద్దాలూ చేత్తో కదిపి సరిచేసుకుని, బెల్టు పెట్టుకుని, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో కదిపి చూసి అప్పుడు స్టార్ట్ చేశాను. నేను ఆలస్యం చేస్తున్నానని వెనుక వరుసలో ఎవరో గొణిగారు. ఇన్‌స్పెక్టర్ గారు మాత్రం తొందర పెట్టలేదు. హెచ్ మధ్యలో నాకు అనుమానం వచ్చి పూర్తిగా ఆపేశాను, రెండు వైపులా చూసుకుని మళ్లీ కదిలాను, దానికి ఆయన ఏమీ అనలేదు. ఇంకొక అభ్యర్థి బంపరు తగిలి ఆ మూల కమ్మీ అంతకు ముందే ఒక పక్కకు ఒరిగి ఉంది. దాన్ని చూస్తూ రివర్స్ చేయడమే నాకు అన్నిటికంటే కష్టమనిపించింది. అలాంటిది కనిపిస్తే దాని మీద చూపు నిలపకండి.

ఆడవాళ్ల గురించి ఆ ఏజెంటు అన్న మాటను పూర్తిగా పక్కన పెట్టండి. ఆ రోజు మాతో వచ్చిన ఆడవాళ్లలో కార్డు రాని వారు నాకు కనిపించలేదు. నా కార్డు పోస్టులో ఇంటికే వచ్చింది.

నకిరేకల్ కుర్రాడి సమాధానం:

అక్కా, నాది గేరు బండి టెస్టు కనుక మీకు నేరుగా పనికిరాకపోవచ్చు. అయినా స్కూటీ లైసెన్సు కూడా అదే రోజు తీసుకునే ఆలోచన ఉంటే ఇది చదవండి. మాకు ఎనిమిది అంకె ఆకారంలో ట్రాక్ ఉంటుంది. బండి మీద రోజూ తిరిగేవారే అక్కడ కాలు కింద పెట్టేస్తారు, ఎందుకంటే రోడ్డు మీద ఎవరూ అంత నెమ్మదిగా అంత చిన్న వంపు తిరగరు. చూపు ముందు చక్రం మీద పెడితే బండి ఊగుతుంది. తల ఎత్తి, వంపు పూర్తయ్యే చోటు వైపు చూస్తే బండి అటే పోతుంది. వేగం తగ్గించాల్సి వస్తే వెనుక బ్రేకు మాత్రమే కొద్దికొద్దిగా వాడాలి, వంపులో ముందు బ్రేకు పట్టుకుంటే హ్యాండిల్ లోపలికి మడుచుకుంటుంది. హెల్మెట్ లేకుండా ట్రాక్ దగ్గరికి వెళ్లవద్దు, కట్టు బిగించుకోవడం కూడా చూస్తారు.

జడ్చర్ల పాత లారీ డ్రైవర్ సమాధానం:

టీచరమ్మా, మాస్టర్ చెప్పినవన్నీ సరైనవే. ఆయనతో నాకు ఒక్క విషయంలో పట్టింపు ఉంది. హెచ్ ట్రాక్‌కే ఇంత చర్చ జరుగుతోంది కాని, ఆయన చెప్పిన 15వ నిబంధనలోనే దాటి వెళ్లడం, దాటి వెళ్లనివ్వడం, లేను మారడం, నడిచేవారికి దారి ఇవ్వడం, రోడ్డు పరిస్థితిని బట్టి వేగాన్ని మార్చుకోవడం కూడా ఉన్నాయి. నాలుగు గీతల మధ్య ఇవేవీ కనిపించవు. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మీద భూత్పూర్, కొత్తకోట, పెబ్బేరు మీదుగా నేను తిరిగిన కాలంలో చూసినవన్నీ చెబితే మీరు భయపడతారు, అందుకని అవి చెప్పను. మీరు వెళ్లబోయే రోడ్డుకు పనికొచ్చే సంగతులు మాత్రమే చెబుతాను.

కోతల కాలం వచ్చిందంటే మన జిల్లాల్లో తారు రోడ్డు సగం వడ్ల కళ్లమే అవుతుంది. రైతు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతాడు. సాయంత్రం కుప్ప చేసి దాని మీద నల్ల పట్టా కప్పితే, చీకట్లో అది రోడ్డు రంగులో కలిసిపోతుంది. ఎదురుగా వచ్చే బండి లైట్లు కంట్లో పడ్డప్పుడు ఆ కుప్ప అసలే కనిపించదు. అలాంటప్పుడు లైటు డిమ్ చేసి, వేగం తగ్గించి, చూపును రోడ్డు ఎడమ అంచు మీద పెట్టాలి. ధాన్యం ట్రాక్టర్లకు చాలాసార్లు వెనుక లైటు ఉండదు. ట్రాలీ వెడల్పు ఇంజన్ కంటే ఎక్కువ కనుక, దాటేటప్పుడు ఇంజన్‌ను చూసి లెక్క వేయకండి, ట్రాలీ చక్రాన్ని చూడండి. పత్తి బండ్లయితే లోడు రెండు పక్కలా బయటికి పొంగి ఉంటుంది.

పెద్ద లారీ వెనుక వెళ్లేటప్పుడు దాని పక్క అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనిపిస్తుంటేనే మీరు అతనికి కనిపిస్తున్నట్టు. అద్దం కనిపించని చోట ఎంత సేపు ఉంటే అంత ప్రమాదం. ఈ ఒక్క సంగతీ ప్రతి కారు డ్రైవరుకూ తెలిసి ఉంటే మా లారీ వాళ్లకు రాత్రిళ్లు కాస్త మనశ్శాంతిగా ఉండేది.

కాబట్టి నా సలహా ఇది. మీ దగ్గర ఎల్.ఎల్.ఆర్. ఉంది, పక్కన లైసెన్సు ఉన్న మీ వారు ఉన్నారు. పానగల్లు ఖాళీ రోడ్డు ఇక చాలు. ఒక సెలవు రోజున, సరిగ్గా బడి వేళకు, ఇంటి నుంచి బడి దాకా ఎల్ బోర్డుతో నడిపి చూడండి. బస్సు ఎక్కడ ఆగుతుంది, గొర్ల మంద ఎక్కడ రోడ్డు దాటుతుంది, ఏ మలుపులో కంపచెట్లు అడ్డం వస్తాయి అన్నవన్నీ మీకు తెలిసిపోతాయి. ఆ రోడ్డు మీద ఆపడం, కదలడం అలవాటైన పాదానికి ట్రాక్ మీద వణుకు రాదు.

పాలమూరు డ్రైవింగ్ మాస్టర్:

పెద్దాయన మాటను ఒప్పుకుంటున్నాను. ట్రాక్ మీద పాసైన మా విద్యార్థులను కూడా కార్డు వచ్చిన తరువాత కొన్నాళ్లు పక్కన మనిషి లేకుండా హైవే ఎక్కవద్దని చెబుతాను. ట్రాలీ చక్రం మాట నేను ఇప్పటి దాకా ఎవరికీ చెప్పలేదు, రేపటి నుంచి చెబుతాను.

దేవరకొండ రోడ్డు టీచర్:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఆదివారం ఉదయం బడి దాకా నడపాలని మా వారూ నేనూ నిర్ణయించుకున్నాం. మాస్టర్ గారి ఇటుకల పద్ధతిని నిన్న మా కాలనీ ఖాళీ ప్లాటులో మొదలుపెట్టాను. ముందు మూల బయటికి విసురుకోవడం కళ్లారా చూశాక, ఇన్నాళ్లూ నన్ను కంగారు పెట్టినదేమిటో అర్థమైంది. ఎవరూ ఆ మూల వైపు చూడమని నాకు చెప్పలేదు.

రెండు సందేహాలు మిగిలాయి. ఎత్తు మీద ఆపి కదిలే భాగంలో మా కారు ఒక్కోసారి జానెడు వెనక్కి జారుతోంది. హ్యాండ్ బ్రేకు వాడితే నేర్చుకోని వారిలా కనిపిస్తానేమో అని మా వారు క్లచ్, బ్రేకు మీదే కదిలించమంటున్నారు. ఇక రెండోది, ఒకవేళ పాస్ కాకపోతే ఎల్.ఎల్.ఆర్. పరిస్థితి ఏమిటి?

పాలమూరు డ్రైవింగ్ మాస్టర్:

మేడం గారూ, రెండో దానికి ముందు చెబుతాను. ఎల్.ఎల్.ఆర్. 6 నెలలు చెల్లుతుంది. టెస్టు పాస్ కాకపోయినా అది రద్దు కాదు, 7 రోజుల తరువాత మళ్లీ హాజరు కావచ్చు. మూడుసార్లూ పాస్ కాకపోతే మాత్రం, చివరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాలని 1988 మోటారు వాహనాల చట్టం 9వ సెక్షను చెబుతోంది. మీకు నెల మాత్రమే గడిచింది కనుక గడువు గురించి దిగులు పెట్టుకోకండి.

ఎత్తు విషయంలో మీ వారికి నా మాటగా చెప్పండి, హ్యాండ్ బ్రేకును గాని, యాక్సిలరేటర్‌నూ కాలి బ్రేకునూ గాని సరిగా వాడి వెనక్కి జారకుండా కదలాలని నిబంధనలోనే పేరు పెట్టి రాశారు. హ్యాండ్ బ్రేకు వాడడం నేర్చుకోని వారి లక్షణం కాదు, నేర్చుకున్న వారి లక్షణం. ఆపగానే హ్యాండ్ బ్రేకు లాగండి. ఫస్టు గేరు వేసి, యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి నిలిపి, క్లచ్‌ను మెల్లగా వదలండి. ఒక చోట ఇంజన్ శబ్దం బరువెక్కి, బండి మూతి కొద్దిగా పైకి లేస్తుంది. ఎడమ పాదాన్ని అక్కడే ఆపి, అప్పుడు బటను నొక్కి హ్యాండ్ బ్రేకు దించండి. మూతి లేవకముందే దించితే ఎవరి బండైనా జారుతుంది.

అలా చేసినా జారుతుంటే తప్పు మీది కాకపోవచ్చు. లివరు బాగా పైకి లాగితే తప్ప పట్టకపోతే కేబుల్ సాగినట్టు, మెకానిక్ దగ్గర కాసేపట్లో బిగించే పని అది. ఆదివారం బడి దాకా బయలుదేరే ముందే చూపించుకోండి.